చెరువు గట్టు మీద సిగ్నల్

మా ఆయనకు చెవుడు. పుట్టు చెవుడు కాదు, బెంగాల్లో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగంతో పాటు వచ్చిన చెవుడు. పెళ్లయిన కొత్తలో నేను గుసగుసగా మాట్లాడినా వినేవాడు. కొన్నేళ్లకు మామూలుగా మాట్లాడితే వినేవాడు. రిటైరయ్యే నాటికి నేను వంటింట్లోంచి అరిస్తే పక్క క్వార్టరాయన "ఏటమ్మా" అని పలికేవాడు తప్ప ఈయన పేపర్లోంచి తలెత్తేవాడు కాదు. ఇనుముతో ఇనుమును కొట్టే షాపులో బతుకంతా గడిపినవాళ్లకు అది మామూలే. మా నాన్నకూ అంతే. మా వీధిలో సగం మంది మగాళ్లు చెవిటివాళ్లు, ఆడాళ్లంతా గట్టి గొంతు వాళ్లు. కొత్తగా ఎవరైనా ఆ వీధిలోకి వస్తే ఇంటింటా పోట్లాట జరుగుతోందనుకునేవారు.

అలాంటి ఇళ్లలో మనిషిని పిలవడానికి ఒక పద్ధతి ఉంది. గచ్చు మీద కాలితో గట్టిగా తన్నాలి. గచ్చు అదురుతుంది, ఆ అదురు అరికాళ్లకు తగిలి మనిషి ఇటు తిరుగుతాడు. మా అమ్మ మా నాన్నను అలాగే పిలిచేది. నేనూ మా ఆయన్ని అలాగే పిలిచాను. ఈ తెలుగావిడ మొగుడి ఎదుట కాళ్లు తాటిస్తోందేమిటని ఎదురింటి బెంగాలీ ఆవిడ మొదట్లో నన్ను గయ్యాళి కింద జమకట్టింది. సంగతి తెలిశాక, ఆవిడ కూడా మా ఆయనతో పనిబడితే మా గుమ్మంలో నిలబడి ఒక్క తన్ను తన్నేది.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా వాళ్లలో కొందరు టౌన్లోనే ఇల్లు చూసుకుంటారు, కొందరు సొంతూళ్లకు, శ్రీకాకుళం వైపు వెళ్లిపోతారు. మా ఆయన ఈ రెండూ చెయ్యలేదు. ఒక ఆదివారం స్కూటరేసుకుని పోయి, సాలువా పోలీసు క్యాంపు దాటాక శాల్ చెట్ల అడవి అంచున ఒక చెరువు, దాని పక్కన కాస్త ఎత్తు చోటు చూసి వచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి, మొహం నిండా సంతోషం.

"అడివిలో కాపరవా? ఏటి, తపస్సు సేసుకుంటావేటి?" అన్నాను. గట్టిగానే అన్నాను, ఆయనకు వినబడాలి గదా.

"సెరువుందే. సేపలు పెంచుకోవచ్చు."

"సేపలు గోల్‌బజార్లో నేవా? పిట్ట కూత ఇనబడదు, ఆకు సప్పుడు ఇనబడదు. అడివంతా కలిసి కూసినా సెవిటోడి ముందు శంకం ఊదినట్టే. నీకెందుకు మావా అడివి?"

ఆయన నవ్వి, "నాకు సెవుడని ఆ సెట్లకి తెల్దే" అన్నాడు.

అది నాకు అప్పుడు బోధపడలేదు. ముసలితనంలో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి, ఈయనకు ఇది పట్టింది అనుకుని మూట సర్దాను.

అడవి పక్కన ఇల్లు కట్టమంటే ఆయన రైల్వే క్వార్టరు కట్టాడు. అవే ఎర్ర ఇటుకలు, అదే వరండా, కిటికీలకు అదే ఆకుపచ్చ రంగు. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేకపోయినా తలుపు పక్కన నల్ల చదరంలో తెల్ల అంకె వేశాడు, మా పాత క్వార్టరు నంబరే. నిమ్మ మొక్కలు, జామ మొక్కలు తాడు కట్టి ఒకే వరసలో నాటాడు. వెనక శాల్ చెట్లు ఇష్టమొచ్చినట్టు నిలబడి ఉంటే, ముందు మా మొక్కలు హాజరు పలకడానికి నిలబడ్డట్టు ఉండేవి.

మొదటి ఫాల్గుణంలో శాల్ ఆకు రాలింది. రోజూ దోసిళ్లకొద్దీ, తట్టలకొద్దీ రాలింది. క్వార్టర్లలో చెత్త ఎక్కడా ఉండకూడదు కదా, ఆయన అడవి అంచు దాకా ఊడ్చి, పోగులు పెట్టి, నిప్పు పెట్టాడు. చెరువు అవతల ఒక సంతాలీ గిరిజనుల పల్లె ఉంది. అక్కడి నుంచి నా ఈడు మనిషి ఒకామె చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె తిట్టింది, చేతులూపింది, నిప్పు మీద మట్టి పోసింది. ఈయన తలూపుతూ నిలబడ్డాడు. ఆమె పండక్కి పిలుస్తోందనుకున్నాడట. నేను వెళ్లి విని, గచ్చు లేదు కాబట్టి ఆయన భుజం మీద చరిచి చెప్పాను: ఆ ఆకు వాళ్లకు వంటచెరకు, ధాన్యం ఉడకబెట్టుకునేది దాంతోనే, పల్లెంతా ఏడాది పొడుగునా వాడుకునేదాన్ని నువ్వు తగలబెట్టావు అని. ఆయన మొహం మాడిపోయింది. మర్నాటి నుంచి ఊడ్చిన ఆకంతా ఆమె కోసం గోడ పక్కన పేర్చాడు. అది కూడా స్టేషన్‌లో బొగ్గు పేర్చినట్టు నాలుగు మూలలూ సరిచూసి పేర్చాడు. ఆమె వచ్చి చూసి పడీపడీ నవ్వింది. అలా మాకు ఆమెతో స్నేహం కుదిరింది. ఆమెకు నేను దీదీని, అంటే అక్కని; ఆయన దాదా, అంటే అన్న. ఆమె బంగ్లా, నా బంగ్లా రెండూ వంకరే కాబట్టి మాటలకు ఇబ్బంది లేకపోయింది.

అడవిలో ఆయన ఏం చూశాడో నాకు మెల్లగా తెలిసింది. టౌన్లో ఆయన ఎప్పుడూ ఒక మాట వెనక ఉండేవాడు. అందరూ నవ్వాక, ఏమిటేమిటని నన్ను అడిగి, తరవాత నవ్వేవాడు. పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఇక్కడ అలా కాదు. ఆకు కదిలితే గాలి వచ్చినట్టు, నీళ్లు వలయాలు తిరిగితే చేప వచ్చినట్టు. క్యాంపులో తుపాకుల ప్రాక్టీసు మొదలైతే నేను ఉలిక్కిపడి గిన్నె జారవిడిచేదాన్ని. ఆయన గట్టు మీద కూర్చుని, చెరువు మీది కొంగలన్నీ ఒక్కసారి లేవడం చూసి, "మొదలెట్టినార్రా" అనేవాడు. కంటికి తెలియనిది అక్కడ ఏదీ జరిగేది కాదు. అక్కడ ఆయన ఎవరికన్నా వెనక లేడు.

చేపలకు తవుడు వెయ్యడానికి వెళ్లినప్పుడు రేవు రాతి మీద కాలితో తన్నేవాడు. ఆ అదురుకు చేపలు పైకి వచ్చేవి. "సూడే, ఇవీ నా జాతే" అని నాకు చూపించి మురిసిపోయేవాడు.

నాకు మాత్రం అడవి కన్నా వర్క్‌షాపు సైరనే బాగుండేది. ఆ కూతకు అన్నం దించడం, ఈ కూతకు టీ పెట్టడం అలవాటైన చేతులు నావి. ఇక్కడ ఏ కూతా లేదు. పైగా చెరువు పల్లంలో ఉంది. భోజనానికి పిలవాలంటే అరుపు పనికిరాదు, కాలు తాటిస్తే ఎర్రమట్టి మింగేస్తుంది. మోకాళ్ల నొప్పులతో రోజూ నేనే దిగి వెళ్లి భుజం తట్టాలి. ఒకరోజు వానలో జారి పడ్డాను. బురదతో ఇంటికొచ్చి, "నీ అడివికో దండం, నీ సెరువుకో దండం, రేపట్నించి ఆకలేస్తే నువ్వే రా" అన్నాను. ఆయన నా మోకాలికి నూనె రాస్తూ ఏదో ఆలోచించుకున్నాడు.

తరవాత ఆయన చేసినది రైల్వే మనిషి తప్ప ఇంకొకడు చెయ్యడు. చెరువు గట్టు మీద ఒక గుంజ పాతి, దానికి రేకుతో చేసిన సిగ్నల్ రెక్క కట్టాడు. పాత రోజుల్లో పట్టాల పక్కన ఉండేదే, ఎర్ర రంగు, చివర తెల్ల చార. అక్కడి నుంచి కప్పీల మీదుగా తీగ లాక్కొచ్చి మా వంటింటి కిటికీ పక్కన లీవరుకు తగిలించాడు. లీవరు కిందికి లాగి కొక్కేనికి తగిలిస్తే అక్కడ రెక్క వాలుతుంది. కొక్కెం తీస్తే గుంజకు వేలాడదీసిన రాయి బరువుకు రెక్క మళ్లీ అడ్డంగా లేస్తుంది. అడ్డంగా ఉంటే ఆగు. వాలితే రా.

"అన్నం ఉడికితే సిగ్నల్ దింపు. బండి వచ్చేస్తాది" అన్నాడు.

"ఇంత సదువు సదివి అన్నానికి సిగ్నలేసుకున్నోడు ఎక్కడైనా ఉన్నాడేటి?" అన్నాను. అన్నానే గానీ మర్నాడు అన్నం వార్చగానే లీవరు లాగాను. కిటికీలోంచి చూస్తే, దూరంగా చెట్ల సందున రెక్క వాలింది. గాలం పక్కన పెట్టి, పంచె దులుపుకుని, ఈయన లేచాడు. నిజం చెప్పొద్దూ, నాకు భలే నవ్వొచ్చింది.

దానికో నియమం పెట్టాడు. దించడం నా పని, ఎత్తడం ఆయన పని. ఆయన ఇంట్లోకి వచ్చి, లీవరు దగ్గరికి వెళ్లి, కొక్కెం తీసి, "బండి సేరింది" అని చెప్పాకే పీట మీద కూర్చునేవాడు. నేను మరిచిపోయి ఎత్తబోతే ఊరుకునేవాడు కాదు. బండి చేరిందని చూసుకోకుండా సిగ్నల్ ఎత్తకూడదు, చేరాక ఎత్తకపోతే వెనకాల ఇంకో బండి వచ్చేస్తుంది, ప్రమాదం అనేవాడు. ఏ ఇంకో బండి అని నేను దెప్పేదాన్ని. చెరువు అవతల పల్లెలో ఆడవాళ్లు కూడా ఆ రెక్కకు అలవాటు పడ్డారు. చెయ్యి దిగిందంటే దాదా తినడానికి వెళ్లాడన్నమాట, మేకల్ని తోలుకుని మనమూ పోదాం అనుకునేవారట. విస్తరాకులు కుట్టుకుంటూ గట్టు మీద కూర్చునే మా స్నేహితురాలు ఈ సంగతి నాకు చెప్పింది. ఆమె ఆ రెక్కను చెయ్యి అనేది.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున్న బీపీ మందులు తెచ్చుకోవడానికి ఆయన టౌనుకు వెళ్లి, అక్కడే కూలబడిపోయాడు. గుండె అన్నారు. మా అల్లుడిది గోల్‌బజార్లో బట్టల కొట్టు. అతనే ఫోను చేశాడు. అప్పటికి నేను వంకాయ కూర తాలింపు వేస్తున్నాను. స్టవ్వు కట్టేసి, కూర మీద మూత పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరాను. మూత పెట్టడం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు సిగ్నల్ దించలేదు. దించితే రావడానికి చెరువు దగ్గర మనిషి లేడు. ఆ తరవాత కూడా ఎన్ని నెలలు గడిచినా అది అలా అడ్డంగానే ఉండిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. కూతురి ఇంట్లో కర్మ అయ్యేదాకా ఉన్నాను. ఒకే పక్క చాలాసేపు కూర్చుంటే కాలు మొద్దుబారిపోతుంది చూడండి, గిల్లినా తెలియదు, కాలు మాత్రం ఉంటుంది. నాకు మనిషంతా అలా అయింది. ఆకలి వేసేది కాదు, పెడితే తినేదాన్ని. వచ్చిన ఆడవాళ్లంతా నా పక్కన కూర్చుని వీపు నిమిరి, "ఏడు తల్లీ, ఏడిత్తే గుండె తేలికవుతాది" అనేవారు. నేను ఏడుస్తానేమోనని నా మొహంలోకి చూస్తూ ఉండేవారు. రాకపోయేసరికి వాళ్లకు ఇబ్బందిగా ఉండేది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా కూతురితో చిన్నగా మాట్లాడుకునేవారు. ఒకావిడ అయితే, ఉల్లిపాయలు తరిగిస్తూ ఉండమ్మా, అలాగన్నా నాలుగు చుక్కలు రాల్తాయి అని సలహా ఇచ్చింది. నా కూతురు పాపం రెండు పూటలు నా ముందు ఉల్లిపాయలు పెట్టింది. తరిగాను. కళ్లు మండాయి, అంతే.

ఇల్లు తాళం వేసి ఉంది, చేపలకు మేత లేదు అని వంక పెట్టి తిరిగొచ్చేశాను. నా కూతురు ఒప్పుకోలేదు.

"అడివిలో ఒక్కదానివి ఎలాగుంటావే? ఇప్పుడు నాన్న కూడా నేడు. నీకా అడివి ఎప్పుడూ పడదు కదా?"

నిజమే, నాకు పడదు. వానాకాలం వెళ్లాక, దుర్గా పూజలకు ముందు వచ్చేస్తాను, వచ్చి నీ దగ్గరే ఉండిపోతాను అని మాటిచ్చాను. ఆ మాట మీద నన్ను వదిలింది.

నేను వచ్చేసరికి ఆకు రాలడం అయిపోయి శాల్ పూత పట్టింది. అడవంతా సన్నని తీపి వాసన. ఆయన ఉంటే నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాగేవాడు. నేను వరండాలో కూర్చుని చూశాను. పూత బాగుందని తెలుస్తోంది, కానీ ఆ బాగుండడం నా దాకా రాలేదు. వేసవిలో చెరువు ఇగిరి, రేవు కింది మెట్లు బయటపడ్డాయి. మొదటి వానలకు మళ్లీ మునిగాయి. తవుడు తీసుకెళ్లి రేవు రాతి మీద కాలితో తన్నేదాన్ని. చేపలు వచ్చేవి. తిని వెళ్లిపోయేవి. నేనూ వచ్చేదాన్ని.

అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. అక్కడ నన్నెవరూ ఏడవమనలేదు. చెట్లు తమ పాటికి తాము ఉన్నాయి, నీళ్లు తమ పాటికి తాము ఉన్నాయి. నా మొహంలోకి చూసి, ఏమైనా రాలుతుందా అని ఎదురు చూసేవాళ్లు లేరు. నేను ఇలా అయిపోయానని వాటికి తెలియదు. ఒకరోజు వాన ఆగిపోయాక గట్టు మీద నిలబడి ఉంటే, ఆయన ఆ ఆదివారం నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చింది. సెవుడని సెట్లకి తెల్దే అన్నాడు. అదా నీ సంగతి మావా, అనుకున్నాను. ఆయన అడవికి ఎందుకు వచ్చాడో ఆయన పోయాక అర్థమైంది. అర్థమైనా ఏడుపు రాలేదు.

మా స్నేహితురాలు రోజూ వచ్చేది కాదు, వచ్చినా పరామర్శలు చేసేది కాదు. వానాకాలంలో శాల్ చెట్ల కింద మట్టిలోంచి గోళీల్లాంటి పుట్టగొడుగులు తవ్వి తీస్తారు, నమిలితే కరకరలాడతాయి. అవి ఆకులో చుట్టి తెచ్చి గడప మీద పెట్టి పోయేది. ఒక్కసారి మాత్రం అంది.

"దీదీ, నీ చెయ్యి ఇప్పుడు దిగదు కదా. మేకలకు పొద్దు తెలియడం లేదు."

"మేకలకా, నీకా?" అన్నాను.

"నాకే" అంది. "మధ్యాహ్నం అయితే తల అటే తిరుగుతుంది" అంది. అప్పటికే సిగ్నల్ తీగకు బచ్చలి పాకింది. నేను దాన్ని తీసెయ్యలేదు.

పూజలు దగ్గర పడ్డాయి. గట్టు మీద రెల్లు తెల్లగా పూసింది. మాట ప్రకారం నా కూతురు వచ్చింది. మర్నాడు పొద్దున్న వ్యాను రమ్మని చెప్పిందట. వస్తూనే చీరలు మడత పెట్టడం, గిన్నెలు బస్తాల్లోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఆయన చొక్కాలు చేతిలోకి తీసుకుంది. అది గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను చూశాను. దాన్ని దగ్గరికి తీసుకోవాలని తెలుసు. వెళ్లి వీపు మీద చెయ్యి వేశాను కూడా. వేసినది నా చెయ్యేనా అన్నట్టుంది. ఇంత రాయిలా ఉన్నానేమిటని నా మీద నాకే అసహ్యం వేసింది. అంతలో అన్నం పొంగిన వాసన వచ్చింది, అదొక వంకగా వంటింట్లోకి వెళ్లిపోయాను.

గంజి వార్చాను. పప్పు తాలింపు పెట్టాను. మూకుడు దించి, మసిగుడ్డ కొయ్యకు తగిలించి, కిటికీ వైపు తిరిగి, లీవరు కిందికి లాగి కొక్కేనికి తగిలించాను.

కావాలని చెయ్యలేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. సిగ్నల్ తీగ తన మీద పాకిన బచ్చలిని తెంపుకుంటూ బరబరా సాగింది. దూరంగా, చెట్ల సందున, అన్ని నెలలుగా అడ్డంగా ఉన్న రెక్క వాలింది.

నేను అక్కడే నిలబడిపోయాను. నా కూతురు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కిటికీలోంచి చూసింది, లీవరు చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, ఎవుల్ని పిలిసినావే?"

గట్టు మీద ఎవరూ లేరు. రెక్క దింపినా లేచి వచ్చేవాళ్లు లేని చోటు అది. ఎత్తేద్దామా అనుకున్నాను. ఎత్తడం ఆయన పని. చెయ్యి లేవలేదు.

వెనక తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. మా స్నేహితురాలు వచ్చింది. గబగబా ఎక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చెరువులో ఏదో కడుగుతూ లేచి వచ్చేసినట్టుంది, చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"చెయ్యి దిగింది కదా దీదీ" అంది.

"పొరపాటున దింపేశాను. ఎవర్నీ పిలవలేదు" అన్నాను.

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంది. "దింపాక ఎవరో ఒకరు రావాలి కదా" అంది. "దాదా రాలేడు. అందుకని నేను వచ్చాను."

అంత మాట అని, ఆయన పీట ఎక్కడుందో ఆమెకు తెలియదు కాబట్టి, గోడ పక్కన ఖాళీగా ఉన్న చోట నేల మీద కూర్చుంది. నేను కంచం కడిగి ముందు పెట్టాను. అన్నం పెట్టాను. పప్పు గరిటెతో తీసి వెయ్యబోతూ ఉండగా వచ్చింది ఏడుపు. గరిటె చేతిలో ఉండగానే వచ్చింది. పప్పు ఆమె కంచంలో సగం, నేల మీద సగం పడింది. నేను గోడకు జారగిలబడి, కిందికి దిగిపోయి, చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చాను. మాది గట్టి గొంతు వంశం. ఆ ఏడుపు చెరువు అవతలి దాకా వినబడి ఉంటుంది. నా కూతురు పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. ఈసారి పట్టుకున్నది నాకు తెలిసింది. దాని చేతులు చల్లగా ఉన్నాయి, గాజులు నా భుజంలో గుచ్చుకున్నాయి.

ఆమె మాత్రం ఏడవమని గానీ, ఏడవొద్దని గానీ అనలేదు. మెల్లగా అన్నం కలుపుకుని తింటూ కూర్చుంది. పప్పు బాగుందన్నట్టు మధ్యలో ఒకసారి తలూపింది.

తినడం అయ్యాక కంచం తీసుకుని లేస్తూ కిటికీ వైపు గడ్డం చూపించింది. "అది ఎత్తు దీదీ. లేకపోతే మా వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. నీ అన్నం చాలదు" అంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

లేచి లీవరు దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లలో నేను ఒక్కసారి కూడా కొక్కెం తియ్యలేదు. ఆయన చెయ్యి పట్టీ పట్టీ అక్కడ ఇనుము నున్నగా ఉంది. కొక్కెం తీశాను. తీగ జర్రున వెనక్కి పోయింది. గట్టు మీద రెక్క లేచి అడ్డంగా నిలబడింది. బండి చేరింది అనాలి. ఆ మాట ఆయనదే, ఆయనకే వదిలేశాను.

"రేపు పొద్దున్న వేను వస్తాదమ్మా" అంది నా కూతురు, కళ్లు తుడుచుకుంటూ.

"వొద్దని సెప్పు."

"ఒక్కదానివి ఎలాగుంటావే? నాను ఇక్కడ ఉండను కదా. రేపు ఇది దింపితే ఎవులొస్తారు?"

"ఎవులో ఒకలొస్తార్లే" అన్నాను. "నువ్వు కూకో, అన్నం సల్లారిపోతంది."